సిగ్నల్ లేని రోడ్డు మీద ఎర్రలైటు

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు.

చిన్నప్పుడు మేం లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌ల ఉండేటోళ్ళం. మా లైన్ల చివరి ఇల్లు ఖాళీగ పడి ఉండె. అండ్ల గజ్జెల సప్పుడు వస్తున్నదని ఆడోళ్ళు అటు దిక్కు బట్టలారేసుడు సుత బంద్ పెట్టిన్రు. నేను పోయి తలుపు తోసి చూసిన. మెడల గంట కట్టిన మేకపిల్ల. ఎట్ల దూరిందో ఏమో, బయటికి రానీకి తొవ్వ దొరకక లోపల్నే తిరుగుతున్నది. ఎత్తుకొచ్చి అందరికి చూపిస్తె, "మేక సరే, మరి గజ్జెలెవరియి?" అన్నది పక్కింటామె. గసొంటోళ్ళకు ఏం చెప్తం.

అప్పటి సంది ఎవరన్న నా ముందర దయ్యాల ముచ్చట షురూ చేస్తె నేను లేచి చాయ్ పెట్టనీకి పోత. ఇప్పుడు నేనే చెప్తున్న. నవ్వెటోళ్ళు నవ్వుకోన్రి, నాకేం తక్లీఫ్ లేదు.

ముందుగాల మా ఆయన సంగతి చెప్పాలె, లేకుంటె ఇది సమజ్ గాదు.

ఆయన లోకోపైలట్. సికింద్రాబాద్‌లనే సర్వీసంత అయిపోయింది, ఇప్పుడు రిటైరయ్యి సీతాఫల్‌మండిల ఇంటి కాడ ఉంటున్నడు. రైలింజన్ల ఇద్దరుంటరు, లోకోపైలట్ ఒకరు, అసిస్టెంట్ ఒకరు. సిగ్నల్ కనపడంగనే ఒకరు దాని రంగు గట్టిగ పలుకాలె. రెండో మనిషి ఊకెనే వంత పాడొద్దు. తల ఎత్తి తన కండ్లతోని చూసి, అప్పుడు తిరిగి పలుకాలె. ఒకని కన్ను మోసపోయినా రెండోని కన్ను పట్టుకుంటదని. ఆయన బండి నడిపినన్ని రోజులు గదే పని. రిటైరయినంక బండి పోయింది గని అలవాటు పోలే.

ఆటోల కూసుంటె మెట్టుగూడ చౌరస్తల "రెడ్" అంటడు. నేను పలుకకుంటె మళ్ళ "రెడ్" అంటడు. ఆటో నడిపేటాయన అద్దంలకెల్లి మమ్ముల చూస్తడు. నాకు తల కొట్టేసినట్టయితది. ఇగ చెప్పకుంటె ఊకోడని "ఆఁ, రెడ్" అంట. సుట్టాల కార్ల పోయినా అంతే, పెండ్లి బస్సుల పోయినా అంతే. తల ఎత్తి చూసుడు గిట్ల ఏం లేదు, ఫోన్ చూసుకుంటనే అనేసేదాన్ని.

ఎప్పుడన్న ఆట పట్టియ్యనీకి నేనే ముందుగాల "గ్రీన్" అంటె, మురిసిపోయి ఆయన "ఆఁ, గ్రీన్" అంటడు. పిలిచెటోళ్ళు ఉత్త రంగు పలుకుడు, జవాబిచ్చెటోళ్ళు ముందర ఒక "ఆఁ" చేర్చుడు. ఇన్నేండ్ల సంసారంల మా ఇద్దరి మధ్య గది గట్ల ఖాయమైపోయింది. దీన్ని జెర యాదుంచుకోన్రి.

ఇగ మా తమ్ముడు శీను. అమ్మ చిన్నప్పుడే పోతె వాన్ని నేనే పెంచిన. ఆస్ట్రేలియాల అడిలైడ్ అనే ఊర్ల, ఒక ఇండియన్ హోటల్ల వంట మాస్టర్. పెండ్లి చేసుకోలే. ఊరందరికి వండి పెడ్తడు, తను మాత్రం యాళ్ళకు తినడు. వానికి షుగర్. పొద్దున ఇన్సులిన్ తీసుకోవాలె, తీసుకున్నంక తినాలె. ఆ రెండోది మరిచిపోతడు.

మా నాయనకు సుత షుగరే. రైల్వే వర్క్‌షాప్‌ల ఫిట్టర్. ఒకనాడు డ్యూటీకి పోతుంటె షుగర్ పడిపోయి రోడ్డు పక్కన కూలబడ్డడు. పోయెటోళ్ళు తాగి పడ్డడనుకున్నరు. చెమటలు కారుతున్నయి, మాట తడబడుతున్నది, తాగినోడే అని పక్కకెల్లి పోయిన్రు. ఎవరో గుర్తు పట్టి మా ఇంటికొచ్చి చెప్పేటాల్లకు అంత అయిపోయింది. మా నాయన జీవితంల సుక్క ముట్టినోడు కాదు.

శీనుకు గట్ల కావొద్దు. నా రంధి అంతా అదే. అందుకే మేం ఇద్దరం వాన్ని చూడనీకి పోయినం.

మేం పోయేటాల్లకు వాడు కొత్త పనికి కుదిరిండు. ఆలిస్ స్ప్రింగ్స్ అట, ఆ దేశం నట్టనడుమ ఉంటది, చుట్టూ ఎడారి. సామాను కార్ల ఏసుకొని పోతడట. "మీరు సుత రాన్రి బావా, దేశమంత చూస్తరు" అన్నడు.

నాకు ఒళ్ళు మండింది. "ఈడ నల్గురు మనుషులన్న ఉన్నరు. ఆడ నువ్వు పడిపోతె ఎవరు చూస్తర్రా?" అన్న.

"కంగారూలు చూస్తయక్కా" అని నవ్విండు. వానికన్నీ నవ్వులాటనే.

సరే, బయలెల్లినం. డిక్కీ నిండ గిన్నెలు, కుక్కర్లు, ఒక వెట్ గ్రైండర్. శీను నడుపుతున్నడు, పక్కన మా ఆయన, వెనక నేను. ఇంకో మాట చెప్పాలె, మా ఆయనకు కారు నడుపరాదు. అంత పొడుగు గూడ్సు బండ్లను గుట్టలెక్కించి దింపినోనికి కారు రివర్స్ చెయ్యరాదంటె మా సుట్టాలందరు నవ్వుతరు. నాకైతె స్కూటీ సుత రాదు. అంటె ఆ బండిల నడపొచ్చెటోడు శీను ఒక్కడే.

ఆ రోడ్డు గురించి ఎంత చెప్పినా తక్కువనే. ఎర్రమట్టి, పొట్టి పొదలు, మీద ఆకాశం. గంటలకు గంటలు పోయినా అదే. మన దగ్గర ఊరు దాటి జెరంత పోతె ఒక చాయ్ బండో, ఒక పంచర్ దుకాణమో కనపడ్తది. ఆడ మనిషి జాడ లేదు. ఫోన్ల సిగ్నల్ గీత లేదు. మొదట్ల మస్తుగుందని ఫొటోలు తీసిన. తర్వాత నాకు లోపల గుబులు షురూ అయింది. ఎంతసేపయినా పిట్ట లేదు, గొడ్డు లేదు.

మా ఆయన పరేషాన్ ఇంకోటి. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని ముందుకు చూసుకుంట కూసున్నడు. పిలువనీకి ఏం లేదు. "గిదేం రోడ్డే సరోజా, ఒక్క సిగ్నల్ లేదు" అన్నడు.

"మంచిగయింది, నా నోటికి సెలవు" అన్న.

నడుమ కూబర్ పీడీ అనే ఊర్ల ఆగినం. ఎండకు తాళలేక ఆడ జనం భూమి లోపల ఇండ్లు తవ్వుకొని ఉంటరు. మేం పడుకున్న లాడ్జి సుత భూమి లోపల్నే. తెల్లారి అంగట్ల బియ్యం కొని శీను గ్యాస్ స్టవ్ మీద పులిహోర కలిపిన. తోవల తినొచ్చని డబ్బల పెట్టిన. వాడు ఇన్సులిన్ తీసుకున్నడు, ఒక బ్రెడ్డు ముక్క నోట్ల ఏసుకున్నడు, లేటయితదని ఉరికిచ్చిండు. పులిహోర డబ్బ గ్రైండర్ కిందికి పోయింది.

లాడ్జిల చాయ్ కాడ చక్కెర పొట్లాలు పెట్టి ఉన్నయి, చిన్న చిన్నయి. మా ఆయన గుప్పెడు తీసి షర్టు జేబుల ఏసుకున్నడు. రైళ్ళ మీద తిరిగినన్ని రోజులు ఆయనకదే అలవాటు, ఏడ చాయ్ దొరికినా చక్కెర దొరుకదని. "పరువు తియ్యకున్రి, పెట్టెయ్యున్రి" అని తిట్టిన. పెట్టలే.

తోవల ఒక రోడ్‌హౌస్ వస్తది, పెట్రోల్ పంపు, హోటలు ఒక్క కాడనే ఉండేది, ఆడ తింటనన్నడు శీను. మేం పోయేటాల్లకు అది మూసి ఉంది. తలుపుకు తాళం, పెట్రోల్ పంపుకు బట్ట చుట్టి ఉంది. "పులిహోర తీద్దాంరా" అన్న. "ముందట ఊరొస్తదక్కా, ఆడ తింట" అన్నడు. జెరసేపాగి మళ్ళ అడిగిన. "ఊకో జెర, నన్ను నడుపనియ్యి" అని కసురుకున్నడు. వాడు పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి నన్ను కసురుకోలే. అలిగి కిటికి దిక్కు తిరిగి కూసున్న.

ఇప్పుడు చెప్పేది నేను ఎన్ని సార్లు చెప్పినా ఒక్క తీరుగనే చెప్త, ఎందుకంటె అది గట్లనే జరిగింది.

పట్టపగలు. ఎండ నెత్తి మీదుంది. నేను నిద్రల లేను, ఏడుపు మింగుకుంట పొదలు చూస్తున్న. అప్పుడు వినపడ్డది, "రెడ్" అని.

ఎప్పటి లెక్క నోటికొచ్చింది అనేసేదాన్నే. గని ఎందుకో ఆ రోజు తల ఎత్తి చూసిన. ముందట, ఎడమ దిక్కు, రోడ్డు పక్కన, మనిషి కన్న ఎత్తుల ఎర్రలైటు. కింద స్తంభం ఉన్నట్టే కనపడ్డది. ఎండల కూడ కండ్లకు కొట్టేటంత ఎరుపు. రైలు పట్టాల పక్కన ఉండే సిగ్నల్ తీరుగనే. నాకు ఆశ్చర్యం సుత కాలే. "ఆఁ, రెడ్" అన్న, గట్టిగ. నా మాట మీదనే మా ఆయన గొంతు సుత వినపడ్డది, మళ్ళ పిలిచిండనుకున్న.

శీను బ్రేక్ తొక్కిండు. కారు రోడ్డు పక్క మట్టిలకు దిగి ఆగింది. దుమ్ము లేచింది.

"ఏదక్కా రెడ్? ఏడుంది?" అన్నడు. మాట ముద్ద ముద్దగ వచ్చింది.

నేను చూసిన. ఏం లేదు. లైటు లేదు, స్తంభం లేదు. మట్టి, పొదలు.

అప్పుడు శీను మొఖం చూసిన. ఏసీ చల్లగ కొడుతున్నది, వాని చెంపల మీదికెల్లి చెమట కారుతున్నది. చేతులు వణుకుతున్నయి. తలుపు తియ్యనీకి చూసిండు, చెయ్యి జారిపోయింది. నా దిక్కు చూసిండు గని నేనెవరో వానికి తెలుస్తలేదు. మా నాయన ఆ రోజు రోడ్డు పక్కన ఎట్ల కూసున్నడో నేను చూడలే. గిట్లనే కూసుని ఉంటడనిపించింది.

"షుగర్ పడిపోయింది, చక్కెర, చక్కెర" అని అరిచిన.

మా ఆయన అప్పటికే ఇంజన్ బంద్ చేసి, హ్యాండ్ బ్రేక్ గుంజి ఉన్నడు. జేబుల చెయ్యి పెట్టిండు. నేను పొద్దుగాల తిట్టిన చక్కెర పొట్లాలు. చించి కొంచెం చిగుళ్ళకు రుద్దిన. మింగుతున్నడని తెలిసినంక నీళ్ళల్ల కలిపి జెర జెర తాగిపిచ్చిన. "మింగు నాయనా, మింగు బిడ్డా" అనుకుంట. తల నా భుజం మీద పెట్టుకున్న. చిన్నప్పుడు జరమొస్తె గట్లనే పట్టుకునేదాన్ని.

అదే టైముకు ఎదురుంగ ఒక లారీ వచ్చింది. ఆ దేశంల ఒక లారీకి ఇంకో రెండు మూడు లారీ డబ్బాలు తగిలిచ్చి నడుపుతరు, రైలంత ఉంటది. ముందట చిన్న ఎత్తు ఉండె, దాని అవతలికెల్లి లేచొచ్చింది. పక్కకెల్లి పోతుంటె మా కారు మొత్తం ఊగింది. మా ఆయన దాని వెనక డబ్బా పోయిందాక చూసిండు.

కొంచెం సేపటికి శీనుకు తెలివొచ్చింది. మమ్ముల చూసిండు, చక్కెర పొట్లాలు చూసిండు. "పులిహోర ఏడున్నదక్కా?" అన్నడు.

నేను ఏడ్చిన. నవ్విన. ఒక్కటిచ్చిన వీపు మీద. మళ్ళ ఏడ్చిన. మా ఆయన గ్రైండర్ లేపి డబ్బ తీసిండు. రోడ్డు పక్కన మట్టిల కూసొని వాడు పులిహోర తింటుంటె, నేను ఒక్కొక్క ముద్ద లెక్క చూసిన. అంత రుచిగ నేను ఇప్పటిదాక వండలేదట. ఉప్పు తక్కువయింది దాంట్ల, నాకు తెల్సు.

తర్వాత ఒక ముసలి జంట తమ కారుకు ఇల్లసొంటి డబ్బా ఒకటి తగిలిచ్చి గుంజుకుంట వచ్చి మమ్ముల చూసి ఆగిన్రు. ఆ పెద్దమనిషి మా కారు నడిపిండు, ఆమె వాళ్ళ బండి నడిపింది. ముందటి ఊర్ల దవాఖాన కాడ దింపి, చాయ్ సుత తాగకుంట పోయిన్రు. నర్సమ్మ పరీక్ష చేసి, ఇంకొంచెం సేపు గట్లనే నడిపితె స్టీరింగ్ మీదనే తల వాలుస్తుండె అన్నది. కసురుకునుడు, విసుక్కునుడు షుగర్ పడిపోయేటప్పుడు అయితదని సుత చెప్పింది. నన్ను కసురుకున్నది శీను కాదు, వాని షుగర్. ఆ మాటకు నా పానం ఎంత తేలికయిందో చెప్పలేను.

సాయంత్రం దవాఖాన బయట బెంచి మీద కూసున్నం ఇద్దరం. శీను లోపల నిమ్మళంగ పడుకొని ఉన్నడు. ఇన్నేండ్లల్ల నేను మా ఆయనను మెచ్చుకున్నది తక్కువ. ఆ రోజు మనసు పట్టక, "నీ పిలుపు మీద ఎన్ని సార్లు చికాకు పడ్డనో. ఇయ్యాల నువ్వు పిలువకుంటె ఏమయితుండె" అన్న.

ఆయన నా దిక్కు వింతగ చూసిండు. "నేనేడ పిలిచిన? నువ్వే పిలిచినవ్. నువ్వు రెడ్ అంటె నేను తల ఎత్తి చూసిన, లైటు కనపడ్డది, పలికిన."

"నేను పిలువలే. నువ్వు పిలిచినవ్, నేను పలికిన."

"ఏందే, నాకు తెల్వదా? నీ మాట వెనక నుంచే వచ్చింది."

"నాకు ముందట నుంచి వచ్చింది" అన్న.

కొట్లాడుకున్నం జెరసేపు. లైటు ఏడ కనపడ్డదో చెప్పుమన్న. నేను చూసిన కాడనే చెప్పిండు, ఎడమ దిక్కు, స్తంభం మీద. మరి శీను? వానికి ఏ లైటు కనపడలే. మా అరుపులకు భయపడి బ్రేక్ తొక్కిండట, అంతే.

నేను ఊకెనే ఒప్పుకునే మనిషిని కాను. ఆ దేశంల రైలు లైను ఉంది, ఆ దిక్కుకే పోతది. దాని సిగ్నలేమో అనుకున్న. శీను మ్యాపుల తీసి చూపిచ్చిండు, మేం ఆగిన కాడ పట్టాలు రోడ్డుకు మస్తు దూరం. ఏదన్న ఇనుప రేకు ఎండకు మెరిసిందేమో అనుకున్న. మెరుపు తెల్లగుంటది గని ఎర్రగుండది. ఇంటికొచ్చినంక మారేడ్‌పల్లిల కండ్ల డాక్టర్ కాడికి ఇద్దరం పోయినం. మా ఆయన కండ్లు ఇప్పటికి రైలు నడుపొచ్చన్నంత మంచిగున్నయి. నాకు చదువుకునే అద్దాలు తప్ప ఏం రోగం లేదు.

గని అసలు సంగతి అంతకు ముందే, ఆలిస్ స్ప్రింగ్స్‌ల తెలిసింది.

శీను కారు అద్దానికి చిన్న కెమెరా ఉంటది. ముందట రోడ్డు బొమ్మ పడ్తది, లోపలి మాటలు సుత పడ్తయి. వానికి రెండు మూడు రోజుల తర్వాత యాదికొచ్చింది. కొత్త రూంల టేబుల్ మీద పెట్టి ముగ్గురం చూసినం.

ముందుగాల నా గొణుగుడు, వాని కసురు వినపడ్డయి. తర్వాత ఇంజన్ సప్పుడే. బొమ్మల కారు మెల్లగ కుడి దిక్కు, ఎదురొచ్చే బండ్ల దిక్కు జరుగుతున్నది, మళ్ళ సరిగ వస్తున్నది, మళ్ళ జరుగుతున్నది. మేం ముగ్గురం అండ్లనే ఉన్నం, ఒక్కరికి తెలువలే. నాకు ఆ లారీ యాదికొచ్చింది.

ముందట ఏ లైటు లేదు. ఖాళీ రోడ్డు.

అప్పుడు మా ఇద్దరి గొంతులు. ఒక్కసారే, ఒకదాని మీద ఒకటి.

"ఆఁ, రెడ్."

"ఆఁ, రెడ్."

శీను ఆపి మళ్ళ పెట్టిండు. మళ్ళ పెట్టిండు. దానికి ముందు ఇంజన్ సప్పుడు తప్ప ఏం లేదు. వానికి మా ఇద్దరి సంగతి తెల్సు. పెండ్లయిన కొత్తల నుంచి మమ్ముల ఆ "ఆఁ" పట్టి ఎక్కిరిచ్చినోడే.

"అక్కా, మీరిద్దరు జవాబే ఇస్తున్నరు గదా" అన్నడు. "మరి పిలిచిందెవరు?"

మా ఆయన ఇంకోసారి పెట్టుమన్నడు.

పిలిచింది మా నాయన అనుకున్నడు వాడు. అది నాకు తెల్సు, వాని కండ్లల్ల కనపడ్డది. గని మా నాయన వర్క్‌షాప్ మనిషి, ఇంజన్ ఎక్కినోడు కాదు. ఈ పిలుసుడు, పలుకుడు ఆయనకు ఎరుక లేదు. అది ఎవరి గొంతో యాది చేసుకోనీకి నేను ఎంతో చూసిన. మా ఆయన గొంతనే అనుకొని విన్న కాబట్టి మా ఆయన గొంతు లెక్కనే యాదికొస్తది. ఆయనకు నా గొంతు లెక్క యాదికొస్తది. ఆడ మనిషో మగ మనిషో సుత నేను ఒట్టేసి చెప్పలేను.

ఏమనుకోవాలెనో నాకు ఇప్పటికి తెల్వది. దయ్యమంటె నేను నమ్మను, ఇప్పటికి నమ్మను. ఎవరైతేంది, సల్లగుండాలె. నా తమ్ముడు నాకు దక్కిండు.

శీను ఆడనే ఉన్నడు, చెప్తె ఇంటడా. గని ఇన్సులిన్ తీసుకున్నంక, పళ్ళెం ముందర పెట్టుకొని రోజు వీడియో కాల్ చేస్తడు. "గ్రీన్" అంటడు. నేను పళ్ళెం చూపియ్యమంట. అన్నం, కూర, పప్పు, అన్ని చూసినంక, వాడు మొదటి ముద్ద నోట్ల పెట్టుకున్నంక, అప్పుడంట, "ఆఁ, గ్రీన్."

మెట్టుగూడ చౌరస్తల మా ఆయన ఇప్పటికి పిలుస్తడు. ఆటో ఆయన అద్దంలకెల్లి చూస్తె చూడనియ్యి. ఫోన్ పక్కన పెడ్త. ముందుగాల మా ఆయన పెదవులు కదిలినయా లేదా చూస్త. తర్వాత తల ఎత్తి, లైటు నా కండ్లతోని చూసి, అప్పుడు పలుకుత.